క్యూ ప్యాలెస్ ఇటుకలకు ఎర్ర పూత వేయడం సబబేనా?

సివిల్_రాజు:
లండన్ క్యూ గార్డెన్స్‌లోని క్యూ ప్యాలెస్‌ని 1631లో శామ్యూల్ ఫోర్ట్రీ అనే వ్యాపారి కట్టించుకున్నాడు. పేరుకే ప్యాలెస్, నిజానికి ఇటుక ఇల్లు. తర్వాత బ్రిటన్ రాజు మూడో జార్జి కుటుంబం అందులో ఉంది. 1996 నుంచి మూసి ఉంచి, మరమ్మతులు చేసి 2006లో తెరిచారు. అప్పుడే గోడలకు ఎర్ర సున్నం పూత పూశారు. నాకు నచ్చలేదండీ. అది ఫ్లెమిష్ బాండ్ కట్టుబడి. ప్రతి వరుసలో ఒక ఇటుక పొడవు వైపు, పక్కది పొట్టి వైపు కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో ఆ పద్ధతికి తొలినాటి ఉదాహరణల్లో ఇదొకటి. ఆ పనితనం చూద్దామని వెళ్తే, నిన్ననే రంగేసిన ఇల్లు కనిపిస్తోంది.

గానుగసున్నం:
రాజుగారూ, గోడ మీద పాత పూత ఆనవాళ్లు దొరికాకే పూశారండీ, సొంత ఊహతో కాదు. 17వ శతాబ్దంలో ఇటుక గోడకు రంగు పూత మామూలే. బట్టీలో ఒక్కో ఇటుక ఒక్కో రంగులో కాలుతుంది. అవన్నీ ఒకే ఎరుపులో కనబడాలని పూసేవారు. కొన్నిచోట్ల పూత మీద తెల్లటి సన్నగీతలతో సందులు దిద్దేవారు కూడా.

పైగా ఇది ప్లాస్టిక్ పెయింట్ కాదు. సున్నంలో జాజు (ఎర్రమన్ను) కలిపిన పూత, ఇటుకలోని చెమ్మ దాన్ని దాటి బయటికి పోతుంది. పాత ఇటుకకు అసలు శత్రువు సిమెంట్ పాయింటింగ్. సందులు సిమెంట్‌తో బిగిస్తే చెమ్మ ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది. ఉప్పు పేరుకుని, చలికి లోపలి నీరు గడ్డకట్టి, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. ఊడిన ముఖం మళ్లీ రాదు. సున్నం పూత అరిగితే మళ్లీ పూసుకోవచ్చు.

పద్మ_రీడింగ్:
నేను చూశానండీ. వంపులు తిరిగిన మూడు గేబుళ్లు (పైకప్పు చివర లేచే గోడ భాగాలు) ఎండలో ఎర్రగా మెరుస్తుంటే చాలా బాగుంది. పూత పలచనే, దగ్గరికెళ్తే ఇటుకల వరుసలు తెలుస్తున్నాయి. కానీ నాదో ప్రశ్న. పై అంతస్తు గదుల్ని అలంకరించకుండా, ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. గోడల పాత గీతలూ మరకలూ అలాగే ఉన్నాయి. మరి బయటి గోడకు ఆ న్యాయం ఎందుకు లేదు?

సివిల్_రాజు:
నేననేదీ అదేనండీ! ఆనవాలు దొరికితే దాన్ని చూపించాలి, గోడంతా కప్పేయక్కర్లేదు. ఒక వైపైనా ఇటుకను అలా వదలాల్సింది.

గానుగసున్నం:
పద్మగారూ, పై గదుల మీద వాన పడదండీ. బయటి గోడ మీద ఏటా పడుతుంది. ఒక వైపు వదిలితే ఆ వైపు ఇటుకే ముందు అరుగుతుంది. చూడ్డానికి ముచ్చటే, ఇటుకకు మాత్రం నష్టం.