ఫ్రెంచ్ అబ్బాయితో పెళ్లి, కాలిఫోర్నియాలో కాపురం: ప్రీనప్ రాసుకోవాలా?

నీలిగోరింట
అందరికీ నమస్కారం. ఆరు వారాల్లో నా పెళ్లి. అబ్బాయి ఫ్రెంచ్, నాది ఇండియన్ పాస్‌పోర్టు, ఇద్దరికీ ఉద్యోగం కాలిఫోర్నియాలోనే. ప్రీనప్ (పెళ్లికి ముందు రాసుకునే ఆస్తి ఒప్పందం) మాట ముందు తనే ఎత్తాడు, నేనూ సరే అన్నాను. పోయిన వారం వాళ్లమ్మగారి నోటరీ (ఫ్రాన్స్‌లో ఇలాంటి ఒప్పందాలు రాసే న్యాయాధికారి) దగ్గర్నుంచి డ్రాఫ్టు వచ్చింది. 14 పేజీలు, మొత్తం ఫ్రెంచ్. ప్రతి పేజీ కింద కుడి మూలన నా పొట్టి సంతకం కోసం ఒక చిన్న గీత. నాకేమో ఫ్రెంచ్‌లో పలకరింపులు దాటి ఒక్క ముక్క రాదు. మూడు సందేహాలు: ఏ దేశం చట్టం ప్రకారం రాసుకోవాలి? ఇండియాలో అమ్మ నా పేరున పెట్టిన స్థలం ఉంది, పెళ్లయ్యాక అందులో ఇల్లు కట్టాలని ఉంది, దాని సంగతేంటి? "ఇది నాకు అర్థమయ్యే భాషలో కావాలి" అని కాబోయే అత్తగారితో నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?

పాతకాపు
చట్టాల సంగతి తర్వాత తల్లీ. పందిట్లోకి వెళ్లకముందే విడిపోయే లెక్కలు రాసుకునేవాళ్లకి పెళ్లెందుకు? మాకు పెళ్లయి 31 ఏళ్లు. మధ్యలో ఏ కాగితమూ లేదు. నమ్మకం ఒక్కటే.

రెండోసారి
పాతకాపు గారూ, మీ 31 ఏళ్లకో దండం. నాది నాలుగేళ్లకే తెగిపోయింది. ఆయనకి ఎన్ని అప్పులున్నాయో విడాకుల ఫారాలు నింపుతుంటే తెలిసింది నాకు. అందుకే రెండో పెళ్లికి పట్టుబట్టి ప్రీనప్ రాయించాను. అందరూ లోపలి క్లాజులు చూస్తారు గానీ, అసలు సరుకంతా వెనక అతికించే పట్టికలో ఉంటుంది: ఎవరికి ఏమున్నాయి, ఎవరు ఎవరికి బాకీ. మా ఆయన అందులో తన పాత సైకిలు కూడా రాశాడు. నవ్వుకుంటూ కింది లైను చూస్తే, తమ్ముడి లోనుకి హామీ సంతకం పెట్టినట్టుంది. కావాలని దాచింది కాదు, మర్చిపోయాడట. ఆ రాత్రి తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. అలాంటి మాటలు మొదటి పెళ్లిలో ఒక్కసారైనా జరిగి ఉంటే నా నాలుగేళ్లు వేరేలా ఉండేవి.

కాగితాలరాయుడు
20 ఏళ్లుగా ఇలాంటి కాగితాల మధ్యే బతుకుతున్నాను కాబట్టి చెబుతున్నా, ఇందులో ఇంత చర్చ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో 7 రోజుల రూలు ఉంది, కాగితం చేతికొచ్చాక 7 రోజులు ఆగి సంతకం పెట్టాలని. డ్రాఫ్టు మీకు పోయిన వారమే అందింది, 7 రోజులూ గడిచాయి, సంతకం పెట్టేయండి. ఇండియాలో ఎలాగూ ప్రీనప్ చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 23: ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందాలు చెల్లవు. అయిపోయింది.

గడ్డపార
రాయుడన్నా, జర ఆగు. ఏం సంతకం పెట్టుమంటున్నవే ఆ పిల్లను? 7 రోజులు లెక్కవెట్టేది మొదటి డ్రాఫ్టు కెళ్లి కాదు, ఆఖరి కాపీ చేతికిచ్చిన దినం కెళ్లి. 2020 కెళ్లి చేసుకునే ఒప్పందాలకు ఈ ముచ్చట చట్టంలనే సాఫ్‌గ రాసిన్రు. ఇంకోటి, సొంత లాయరు లేకుంట సంతకం పెడితే, ఆ కాగితం రాసిన భాష ఆమెకు మంచిగ వచ్చి ఉండాలె. ఇదీ చట్టంలనే ఉంది. 14 పేజీల ఫ్రెంచ్ మీద పెట్టిన సంతకం అక్కడ నిలవడతదా? చెల్లె, పెన్ను పక్కకు పెట్టు. ముందుగాల లాయర్ను పెట్టుకో. ఆయన ఖర్చు పిలగాడు ఇచ్చినా తప్పు లేదు గని, లాయరు మాత్రం నీ మనిషై ఉండాలె.

కాగితాలరాయుడు
చట్టం పేజీలు తిప్పేస్తే సరిపోదు సార్, కేసులు చదవాలి. బేస్‌బాల్ ఆటగాడు బారీ బాండ్స్ కేసు తెలుసా? భార్య స్వీడన్ నుంచి వచ్చినావిడ. 1988లో పెళ్లికి ముందు రోజు సంతకం పెట్టింది, పక్కన సొంత లాయరు లేడు. 2000లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లుతుందనే చెప్పింది.

గడ్డపార
చదివినం సారూ. ఆ తీర్పు వచ్చినంకనే కదా అసెంబ్లీ చట్టం మార్చింది! 2002 కెళ్లి అమలైంది. అర్ధం కేసు చెప్పి మిగిలిన అర్ధం మింగుతవేందే?

థేమ్స్‌గట్టు
భాష రాకపోతే చెల్లదని అన్ని చోట్లా అనుకోకండి. 2010లో ఇంగ్లండు సుప్రీంకోర్టులో రాడ్‌మాకర్ కేసు నడిచింది. భార్య జర్మన్, బాగా ఆస్తిపరురాలు. భర్త ఫ్రెంచ్. 1998లో జర్మనీలో నోటరీ ముందు సంతకాలయ్యాయి. ఆయనకి సొంత లాయరు లేడు, అనువాదం ముందుగా చేతికి రాలేదు. అయినా కోర్టు ఆ ఒప్పందానికి పెద్ద బరువే ఇచ్చింది. ఆయన చదువుకున్నవాడు, ఏం సంతకం పెడుతున్నాడో తెలుసు, కావాలంటే సలహా తీసుకోగలడు అని. తొమ్మిది మంది జడ్జిల్లో ఒక్కరే ఒప్పుకోలేదు, లేడీ హేల్. ఆ బెంచిలో ఉన్న ఒకే ఒక్క మహిళ.

రెండోసారి
ఆ చివరి వాక్యమే చెబుతోంది కదా అసలు కథ.

పాతకాపు
ఇప్పుడు జడ్జిల్లోనూ ఆడా మగా తేడాలు తెస్తున్నారా? ఆ కేసులో నష్టపోయింది భర్తేనమ్మా!

రెండోసారి
నమ్మకం ఒక్కటే చాలని రాసినాయన కేసులు బాగానే ఫాలో అవుతున్నారు.

మోడరేటర్
ఇద్దరూ ఆపండి. అడిగినావిడకి ఇంకా ఒక్క ప్రశ్నకి కూడా పూర్తి జవాబు రాలేదు.

కె1_ఎదురుచూపు
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను కె-1 వీసా (అమెరికా పౌరుణ్ణి పెళ్లాడబోయేవాళ్లకి ఇచ్చేది) మీద వెళ్తున్నా, దిగాక 90 రోజుల్లో పెళ్లి చేసుకోవాలి. ఆయన ప్రీనప్‌లో "భరణం అడగను" అని రాయమంటున్నారు. రాస్తే ఐ-864 (నన్ను పోషిస్తానని ఆయన ప్రభుత్వానికి రాసిచ్చే హామీ) కూడా పోతుందా?

గడ్డపార
పోదు చెల్లె. అది ఆయన సర్కారుకు ఇచ్చే మాట, నీకూ ఆయనకూ మధ్యన రాసుకున్న కాగితంతోని కొట్టుకపోదు. అమెరికాల 9వ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2016ల గిదే చెప్పింది. భరణం వదులుకునే క్లాజు కూడా, సంతకం పెట్టేటప్పుడు నీకు సొంత లాయరు లేకుంటే కాలిఫోర్నియాల నిలవడదు. మీది ఏ రాష్ట్రమో చెప్పనే లేదు. వేరే థ్రెడ్ పెట్టు.

లియోన్_కోడలు
ఏ దేశం చట్టం అన్న మొదటి ప్రశ్నకి నా కడుపుమంట చెబుతాను. మాది 2003లో పెళ్లి, మూడేళ్లు లండన్‌లో ఉన్నాం, 2006లో ఫ్రాన్స్ వచ్చేశాం. ఎవరి సంపాదన వాళ్లది అనుకుంటూనే బతికాం. ఇక్కడికొచ్చిన పదకొండో ఏట ఇల్లు కొనబోతే నోటరీ కళ్లజోడు నుదుటి మీదకి తోసి, "మేడమ్, మీ ఆస్తి పద్ధతి పోయిన ఏడాదే మారిపోయింది కదా" అంది. 1978 నాటి హేగ్ ఒప్పందమట. కాగితం రాసుకోని జంట పదేళ్లు ఒక దేశంలో కాపురం ఉంటే ఆ దేశం పద్ధతి దానంతటదే అంటుకుంటుంది. మాకు తెలియకుండానే ఉమ్మడి ఆస్తి! ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నీలీ, నువ్వు భయపడకు. 2019 జనవరి 29 నుంచి పెళ్లయినవాళ్లకి ఫ్రాన్స్‌లో కొత్త యూరప్ నిబంధన, ఈ దొంగమార్పు ఉండదు. ఏమీ రాసుకోకపోతే పెళ్లయ్యాక మొదట కాపురం పెట్టిన దేశం చట్టం చూస్తారు, అంటే మీకు కాలిఫోర్నియాది. వద్దనుకుంటే మీలో ఎవరో ఒకరి జాతీయతనిబట్టో, ఎవరో ఒకరు స్థిరంగా ఉండే చోటునిబట్టో ఒక చట్టాన్ని కాగితంలో ఎంచుకోవచ్చు. ఆ డ్రాఫ్టు ఫ్రెంచ్ చట్టాన్ని ఎంచుకునే ఉంటుంది. "సెపారాసియోఁ ద బియాఁ" అన్న ముక్క కనిపిస్తే ఎవరి ఆస్తి వాళ్లదని అర్థం, మన అమ్మాయిలకి అదేం విషం కాదు. ఇంకో మాట, ఫ్రాన్స్‌లో రాసిన కాగితం కాలిఫోర్నియాలో నడుస్తుందో లేదో రెండు చోట్లా లాయర్లకి చూపించాలి. ఖర్చే. తప్పదు.

స్థలంబాధితుడు
స్థలం గురించి ఎవరూ మాట్లాడరేమండీ, ఆవిడ స్పష్టంగా అడిగితే? కాలిఫోర్నియాలో పుట్టింటివాళ్లు ఇచ్చింది మీ సొంతమే. పెళ్లి తర్వాత వచ్చే జీతం మాత్రం, మీ ఒక్కరి ఖాతాలో పడినా సరే, ఇద్దరిదీ. ఆ జీతంతో మీ స్థలంలో ఇల్లు కడితే తిరకాసు అక్కడ మొదలవుతుంది. నేను ఇండియాలో నాన్న ఇచ్చిన ఇంటి మీద అంతస్తు వేశాను. ఎనిమిదేళ్ల తర్వాత విడాకుల లాయరు గదిలో కూర్చుని సిమెంటు రసీదులు వెతుక్కున్నాను, సగం అచ్చు వెలిసిపోయింది. ఇక్కడి జడ్జి అక్కడి రిజిస్ట్రేషన్ మార్చలేడు, కానీ "ఇంత సొమ్ము మీ ఆవిడకి ఇవ్వు" అని నాకు చెప్పగలడు. చెప్పాడు కూడా. ప్రీనప్‌లో ఒక్క వాక్యం ఉంటే పోయేది: స్థలమూ, దాని మీద కట్టేదీ, ఎవరి డబ్బు ఎంత పడినా ఎవరిది.

కాగితాలరాయుడు
ఇండియాలో చెల్లదని ముందే చెప్పాను.

థేమ్స్‌గట్టు
గోవాలో పెళ్లికి ముందే ఆస్తి ఒప్పందం రాసుకునే వీలు అక్కడి పౌరస్మృతిలోనే ఉంది. "ఇండియాలో" అని గంపగుత్తగా అనేయకండి.

పాతకాపు
అయ్యా స్థలంబాధితుడు గారూ, ఒక్క సందేహం. మా అమ్మాయి పెళ్లి కుదిరింది, అబ్బాయి ఇటలీ. కాలిఫోర్నియాలో ఇంటికి డౌన్ పేమెంటు నేనే ఇద్దామనుకుంటున్నా. ఇది అమ్మాయికి ఇచ్చినట్టవుతుందా, ఇద్దరికీ ఇచ్చినట్టా? ఏమైనా కాగితం రాయించాలా?

రెండోసారి
నమ్మకం ఒక్కటే, బాబాయ్ గారూ.

స్థలంబాధితుడు
ఏడిపించకండి ఆయన్ని. సార్, డబ్బు పంపే ముందే "మా అమ్మాయికి మాత్రమే" అని రాసి, ఆమె ఒక్కదాని ఖాతాకే పంపండి. ఇల్లు ఇద్దరి పేరునా కొనేట్టయితే అంతకంటే ముందే లాయర్ని కలవండి.

నీలిగోరింట
అందరికీ థాంక్స్. అత్తగారికి పోయిన వారం ఫోన్ చేశాను. మూడు రోజులు మనసులో మాటలు పేర్చుకున్నాను, తీరా అడిగితే ఆవిడ పకపకా నవ్వారు. "నా పెళ్లికి నేనూ చదవకుండానే పెట్టాను, ఆ నోటరీల భాష నాకే అర్థం కాదు" అన్నారు. అనువాదం చేయించారు. నేను లాయర్ని పెట్టుకున్నాను, స్థలం వాక్యం చేర్పించాను. ఆఖరి కాపీ సోమవారం చేతికొచ్చింది. ఇవాళ చూస్తే అందులో మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దితే మళ్లీ మొదటి నుంచి 7 రోజులా?

కాగితాలరాయుడు
కచ్చితంగా. కొత్త కాపీ అంటే కొత్త లెక్క.

గడ్డపార
కాదు! షరతులు మారని చిన్న సవరణలకు మళ్ల లెక్క లేదని చట్టంలనే ఉంది. రాయుడన్నా, 20 ఏండ్లల్ల ఒక్కపారన్న ఆ పేజీ తెరిచినవా? చెల్లె, పైసలిచ్చి పెట్టుకున్న లాయరు ఉన్నడు గద, రేపు ఆయననే అడుగు.