“పార్టిషన్ ఇమేజ్” తెలుగులో: విభాగమా, భాగమా, ముక్కా?

ప్రశ్న:
పాత ల్యాప్‌టాప్‌లకు రికవరీ డీవీడీలు ఎలా చేసుకోవాలో మా ఊరి లైబ్రరీ కోసం తెలుగులో ఒక కాగితం రాస్తున్నా. “విభాగ ప్రతిబింబాన్ని విభజించి పునరుద్ధరణ డిస్కులకు ఎక్కించండి” అని రాశాక చదువుకుంటే నాకే తల తిరిగింది. ఇమేజ్ (పార్టిషన్ మొత్తాన్ని ఒకే ఫైలుగా తీసినది) సుమారు 18 జీబీ ఉంది. మంచి మాటలు చెప్పండి.

జవాబు 1:
ప్రతిబింబం సంగతి తర్వాత, ముందు ఆ “విభజించి” తీసేయండి సార్. కోర్టులో పార్టిషన్ దావా అన్నా హార్డ్ డిస్క్‌లో పార్టిషన్ అన్నా ఉన్నదాన్ని వాటాలు వేసి హద్దులు పెట్టడమే. మీరు చెప్పే కోత వేరు, ఆ వాటా నుంచి తీసిన ఒక్క పెద్ద ఫైలుని డీవీడీలో పట్టేంత ముక్కలు చేయడం. “విభాగాన్ని విభజించండి” అని చదివినవాడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్‌ని రెండు చేసి కూర్చుంటాడు, ఆనక మిమ్మల్నే తిడతాడు. పార్టిషన్‌ని పార్టిషన్‌గానే ఉంచి, ఫైలు కోతకి “ముక్కలు” అనండి.

ఇమేజ్‌కి బొమ్మ, చిత్రం అస్సలు వద్దు, ఫొటో అనుకుంటారు. ప్రతిబింబం అద్దంలోది, ఎదుటిది కదిలితే అదీ కదులుతుంది, కాబట్టి ఆ మాట రెయిడ్ 1 మిర్రరింగ్‌కి (ఒకే డేటాను ఎప్పటికప్పుడు రెండు డిస్కుల్లో రాయడం) దాచుకోండి. ఇక్కడ ఒక సమయంలో ఎలా ఉందో అలాగే దించుకుని పక్కన పెడుతున్నాం. నా ఓటు “అచ్చు”కి. డీడీ అనే లినక్స్ కమాండ్‌తో తీస్తే ఖాళీ బ్లాకులతో (డిస్కులోని చిన్న గదులతో) సహా వస్తుంది, పార్ట్‌క్లోన్ అనే ప్రోగ్రామ్ అయితే వాడుకలో ఉన్న బ్లాకులే తీసుకుంటుంది, ఎలా తీసినా తిరిగి దించితే అదే పార్టిషన్.

జవాబు 2:
అచ్చు అంటే మరి హల్లు ఎక్కడండీ 🙂 “నకలు” ఉంది కదా, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడికీ తెలుసు.

జవాబు 1:
నకలు మంచి మాటే. కాకపోతే ఫైళ్లు ఎంచుకుని కాపీ చేసినా నకలే అంటాం, అలా పెట్టుకున్న విండోస్ బూట్ కాకపోవచ్చు. “పూర్తి నకలు” అంటే ఒప్పుకుంటా.

జవాబు 3:
మాటల సంగతి సరే, అంకెల్లోనూ ఇదే గొడవ. డీవీడీ మీద 4.7 జీబీ అని వెయ్యి లెక్కన (1 ఎంబీ = 1000 కేబీ) రాస్తారు, 1024 లెక్కన చూపించే కంప్యూటర్‌లో అది దాదాపు 4.37. ఫైలుని ముక్కలు చేసే స్ప్లిట్ కమాండ్‌కి 4700ఎం (ఎంబీ, అదీ 1024 లెక్కనే) అని ఇచ్చారంటే ముక్క డీవీడీలో పట్టదు, అప్పుడు డ్రైవ్ పాడైందనో డిస్క్ నకిలీదనో టెన్షన్ మొదలవుతుంది. 4000ఎం ఇవ్వండి, ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో (పెన్‌డ్రైవ్‌ల్లో తరచూ ఉండేది) ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలన్న అడ్డంకీ పోతుంది. మీ 18 జీబీకి ఐదు డిస్కులు.

ఇంకోటి, డిస్కు మీద “భాగం 1” అని రాయకండి, అది విడిగా పనిచేస్తుందని అనుకుంటారు. ముక్క ఒంటరిగా ఎందుకూ పనికిరాదు, ఏఏ, ఏబీ, ఏసీ అని వచ్చిన పేర్ల వరసలోనే క్యాట్ అనే కమాండ్‌తో అతికించాలి. జీజిప్ అనే ప్రోగ్రామ్‌తో కుదించిన ఇమేజ్ అయితే మధ్యలో ఒక డిస్కుకి గీత పడినా తర్వాతివి దాదాపు వృథా. అందుకే కోసే ముందే షా256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే అంకెలూ అక్షరాల వరస) తీసి కాగితం మీద రాసిపెట్టుకోమనండి (దీనికి తెలుగు మాట అడగొద్దు, రాత్రంతా ఇక్కడే ఉంటాం).

జవాబు 4:
నా అభ్యంతరం “పునరుద్ధరణ” మీద. పేపర్లో “విద్యుత్ సరఫరా పునరుద్ధరణ” అంటే పోయిన కరెంటు తిరిగి రావడం. ఆ లెక్కన పోయిన పెళ్లి ఫొటోలు వస్తాయేమోనని ఈ డిస్క్ పెడతారు, అది ఆ పార్టిషన్ మీద పాత నకలు తిరగరాసి ఉన్నవి కూడా తుడిచేస్తుంది. “రికవరీ” అన్నా అదే భ్రమ. “మొదటి స్థితికి తెచ్చే డిస్క్” అని రాసి, కిందే ఎర్రటి అక్షరాల్లో “ఇది వాడితే ఆ పార్టిషన్‌లో ఇప్పుడున్నవన్నీ పోతాయి” అని పెట్టండి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ దణ్ణం. ఇప్పుడు ఇలా మార్చా: “పార్టిషన్ పూర్తి నకలును 4000 ఎంబీ ముక్కలుగా కోసి, వరసగా డీవీడీలకు ఎక్కించి, పైన నంబర్లు వేయండి.” బర్న్‌కి (డీవీడీ మీద రాయడానికి) “ఎక్కించడం” సరిపోతుందా?

జవాబు 2:
భేషుగ్గా. క్యాసెట్ల రోజుల నుంచీ పాటలు ఎక్కించుకుంటూనే ఉన్నాం. “దహించండి” అని మాత్రం రాయకండి, నేనొక చోట నిజంగానే చూశా.