అప్‌డేట్: కూరగాయల డబ్బా కింద నీళ్లు చేరడం ఆగింది

ఫ్రిజ్‌లో కూరగాయల డబ్బా కింద రోజూ నీళ్లు చేరుతున్నాయని అడిగాను కదా, తీరింది. మీలో ఒకరన్నట్టే లోపల వెనక గోడ అడుగున, నీళ్లు బయటికి పోవడానికి ఉండే చిన్న కన్నం పూడుకుపోయింది. ఇరుక్కున్నది కరివేపాకు! ప్లగ్ తీసేసి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి, సూది తీసిన సిరంజితో నెమ్మదిగా పోస్తే దారి తెరుచుకుంది. ఆ నీళ్లు వెనక కంప్రెసర్ మీదున్న ట్రేలోకి దిగి, దాని వేడికే ఆవిరైపోతాయి. ఆ ట్రే కంపు సంగతి అడక్కండి, వీలైతే అదీ కడగండి. తలుపు రబ్బరు మడతల్లోని నల్లటి బూజు సబ్బునీళ్లకే పోయింది.

ఫ్రీజర్‌లో మంచును చాకుతో గీకమన్న సలహా మాత్రం పాటించలేదు. ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్ ఉండే గొట్టానికి చిల్లు పడితే ఇక అంతే సంగతులు. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఎ మండే గ్యాస్. స్విచ్ ఆపి, తలుపు తెరిచి, కరిగేదాకా ఆగాను.