చిన్న షాపుల సామర్థ్యాన్ని ఎవరి వడ్డీతో కొలవాలి?

బెజవాడ విద్యార్థి:
ఆటోనగర్ వర్క్‌షాపులు పెట్టుబడిని, శ్రమను సరైన పాళ్లలో వాడుతున్నాయా అన్నది నా ప్రాజెక్టు. 1957లో ఆర్థికవేత్త ఫారెల్ చూపిన పద్ధతి తీసుకున్నాను. ఉదాహరణకు ఒక షాపు ఖర్చు 100 రూపాయలు. వృథా అరికడితే అదే పని 90కి అవుతుంది. మనుషుల, యంత్రాల పాళ్లు కూడా మారిస్తే 72 చాలు. అప్పుడు వృథాను కొలిచే సాంకేతిక సామర్థ్యం 90/100, అంటే 0.9; పాళ్లను కొలిచే కేటాయింపు సామర్థ్యం 72/90, అంటే 0.8. సరైన పాళ్లు తేల్చాలంటే పెట్టుబడి ధర, అంటే వడ్డీ, తెలియాలి. చిక్కల్లా అక్కడే. అందరికీ బ్యాంకు వడ్డీ వేస్తే చిన్న షాపులకే తక్కువ మార్కులు వస్తున్నాయి. ఇది సబబేనా?

ఆటోనగర్ పద్దులు:
కానే కాదండీ. నేను షాపుల లెక్కలు రాస్తాను. తాకట్టుకు ఏమీ లేని యజమానికి బయట నూటికి రెండు రూపాయలకు గానీ అప్పు పుట్టదు. అంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీకి కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రం కొనేకంటే పాత లేత్ మీదే ఇద్దరు టర్నర్లతో రెండు షిఫ్టులు నడపడం మేలు. ఆయన కట్టే ధరలకు ఆయన పాళ్లు సరైనవే. పైగా కొడుకు పొద్దస్తమానం బోరింగ్ మిషన్ దగ్గరే ఉంటాడు, జీతాల పద్దులో ఆ అబ్బాయి పేరే ఉండదు. ఆ శ్రమను ఎక్కడ కలుపుతారు?

గుంటూరు జిన్నింగ్:
పద్దులు గారూ, యజమాని తెలివైనవాడే, కాదనను. కానీ 24 శాతం కట్టి కూడా నిలబడే షాపులో మరో రూపాయి పెడితే, పది శాతానికి అప్పు దొరికే పెద్ద సంస్థలో కంటే ఎక్కువ రాబడి వస్తుంది. ఆ రూపాయి అక్కడికి చేరకపోవడమే నష్టం. ఆర్థికవేత్తలు షే, క్లెనో 2009లో లెక్కగట్టింది దీన్నే. సంస్థల మధ్య ఇలాంటి రాబడి తేడాలు అమెరికా స్థాయికి తగ్గితే భారత తయారీ రంగ ఉత్పాదకత 40–60 శాతం పెరుగుతుందన్నారు. ఎవరి వడ్డీ వాళ్లకే వేస్తే అందరూ సమర్థులే అవుతారు, నష్టం లెక్కలో మాయమవుతుంది.

ఆటోనగర్ పద్దులు:
పద్దుల్లో దొర్లే తప్పులు కూడా ఆ లెక్కలో రాబడి తేడాలుగానే కనిపిస్తాయి. మీ జిన్నింగ్ మిల్లులనే చూడండి. పత్తి సీజన్ అయ్యాక నెలల తరబడి యంత్రాలు ఖాళీ. దాన్ని యజమాని తప్పుడు ఎంపిక అంటారా? విద్యార్థి గారూ, రెండు వడ్డీలతోనూ లెక్క వేయండి, తేడా చూపండి. ఆ తేడాను ‘సంస్థ అసమర్థత’ అనే గడిలో వేస్తే మాత్రం నేను ఒప్పుకోను. అప్పు ఇవ్వనివాళ్ల ఖాతాలో రాయండి.