ఎయిడ్ (ఆర్థిక సాయం) అడిగితే సీటు పోతుందా? ఎర్లీ డెసిషన్ ఆమ్‌హర్స్ట్‌కా, విలియమ్స్‌కా?

గోదావరి_గట్టు:
ఏటా 20 లక్షలకు మించి పెట్టలేని ఇంటి పిల్లలు అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో ఎర్లీ డెసిషన్ (ఈడీ: ఒక్క కాలేజీకే ముందుగా వేసే దరఖాస్తు, సీటిస్తే చేరాల్సిందే) ఎక్కడ వేయాలి? ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. ఆమ్‌హర్స్ట్, బోడిన్ విదేశీ విద్యార్థులకూ నీడ్-బ్లైండ్, అంటే ఎయిడ్ సంగతి చూడకుండానే సీటు నిర్ణయిస్తాయి. విలియమ్స్, స్వార్త్‌మోర్, మిడిల్‌బరీ నీడ్-అవేర్, అంటే ఎయిడ్ ఎంత కావాలో చూసి మరీ సీటిస్తాయి. వాటికి ఈడీ వేయడం ఉన్న ఒక్క అవకాశాన్నీ వృథా చేసుకోవడమే.

లెక్కల_మాస్టారు:
ఒప్పుకోను. నీడ్-బ్లైండ్ అంటే ఫైలు చదివేటప్పుడు డబ్బు సంగతి చూడరనే, సీట్లు పెరుగుతాయని కాదు. ఆ రెండు చోట్లా అడ్మిషన్ పది శాతం లోపే. నీడ్-అవేర్ చోట విదేశీయుల ఎయిడ్‌కు ఇంతని బడ్జెట్ ఉంటుంది. ఈడీ సమయానికి అది ఇంకా ఖర్చు కాదు, మార్చిలో మామూలు దరఖాస్తుల వంతు వచ్చేసరికి గీసి గీసి పంచుతారు. సీటంటూ ఇస్తే ఈ మూడూ తాము లెక్కగట్టిన అవసరం మొత్తం భరిస్తాయి. విలియమ్స్ 2022 నుంచి ఎయిడ్‌లో లోన్ పెట్టడమే మానేసింది.

పాసుపుస్తకం:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. '20 లక్షలు పెడతాం' అంటే సరిపోదు, మీరు ఎంత పెట్టగలరో సీఎస్ఎస్ ప్రొఫైల్ (ఇంటి ఆదాయం, ఆస్తులు చూపే ఆన్‌లైన్ ఫారం) చూసి కాలేజీయే తేలుస్తుంది. ఊరి బయట కోటి రూపాయల ప్లాటుంటే అందులో ఏటా 5 శాతం వరకూ మీ వాటాలో కలపొచ్చు (కాలేజీని బట్టి మారుతుంది). వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ప్రొఫైల్‌లోనూ సున్నా వేసేవాళ్లున్నారు. అది తప్పు, పన్ను పడని ఆదాయానికి వేరే గడి ఉంది. ఐదెకరాల పాసుపుస్తకం పెట్టి పంట ఆదాయం సున్నా అంటే ఎవరు నమ్ముతారు? కౌలు కాగితం, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (పంట అమ్మిన రసీదులు), వాటి ఇంగ్లిష్ అనువాదం, ఏ ఏడాది ఎంత వచ్చిందో అర పేజీ వివరణ జతచేయండి. ప్రొఫైల్ ఫీజు మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16.

గోదావరి_గట్టు:
మరి నీడ్-అవేర్ చోట ఎయిడ్ వద్దని టిక్ పెట్టి, చేరాక అడిగితే?

లెక్కల_మాస్టారు:
ఆ పని మాత్రం చేయించకండి. అడ్మిషన్ అప్పుడు అడగని విదేశీ విద్యార్థికి చాలా కాలేజీలు నాలుగేళ్లూ ఇవ్వవు. ఈడీలో ఎయిడ్ చాలకపోతే బయటపడొచ్చు. కానీ ముందు ఎయిడ్ ఆఫీసుకు రాసి లెక్క మళ్లీ చూడమనాలి, అప్పటికీ కుదరకపోతే ఈడీ ఒప్పందం నుంచి విడుదల అడగాలి. జవాబివ్వకుండా ఊరుకుంటే స్కూలు కౌన్సెలర్‌కు ఫోన్ వెళ్తుంది.

గోదావరి_గట్టు:
సరే, మిడిల్‌బరీ వరకు ఒప్పుకుంటాను. విలియమ్స్‌కు ఈడీ అంటే ఇప్పటికీ జూదమే.

పాసుపుస్తకం:
ఇంకో ఖర్చు కూడా రాసిపెట్టుకోండి. ట్యూషన్‌కు మించి హాస్టల్, భోజనానికి వచ్చే గ్రాంటుపై ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు 14 శాతం పన్ను పట్టుకుంటారు. ఇండియాతో ఉన్న ఒప్పందం వల్ల మనవాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) వర్తిస్తుంది. 1040-ఎన్ఆర్ (విదేశీయుల అమెరికా పన్ను రిటర్న్) దాఖలు చేస్తే అందులో చాలా వరకు వెనక్కి వస్తుంది. వచ్చేదాకా ఆ డబ్బు చేతిలోంచే సర్దుకోవాలి.