సైన్ ఆఫ్ అయిన రేవులోనే దిగిపోయి కొన్నాళ్లు ఊళ్లు చూడవచ్చా?

ప్రశ్న (డెక్ క్యాడెట్):

నేను బల్క్ క్యారియర్‌లో (ధాన్యం, బొగ్గు వంటి సరుకును విడిగా మోసే ఓడ) డెక్ క్యాడెట్‌ను, అంటే శిక్షణలో ఉన్న అధికారిని. తొలి కాంట్రాక్టు ముగియవస్తోంది. యూరప్‌లోని ఏదో ఒక రేవులో సైన్ ఆఫ్ చేస్తామని, అంటే పని ముగించి ఓడ దింపుతామని కంపెనీ చెబుతోంది. ఇన్నాళ్లలో రేవులు చాలానే తగిలాయి గాని, నేను చూసినదంతా క్రేన్లు, గోదాములు, బయటి గేటు వరకే. అందుకని నేరుగా ఇంటికి విమానం ఎక్కకుండా రెండు వారాలు అక్కడే తిరగాలని ఉంది. నావికుడి గుర్తింపు పత్రం, షోర్ పాస్ (ఓడ రేవులో ఉండగా ఒడ్డుకు దిగే అనుమతి పత్రం) ఉంటే వేరే వీసా అక్కరలేదని ఓడలో కొందరు అంటున్నారు, కుదరదని మరికొందరు అంటున్నారు. ఏది నిజమో తెలిసినవారు చెప్పగలరా? రేవులో దొరికే నాలుగైదు గంటలను ఎలా వాడుకోవాలో కూడా చెబితే మేలు.

జవాబు (సెకండ్ ఆఫీసర్):

కుదరదన్నవారి మాటే నిజమండీ. షోర్ పాస్ మీకు ఇచ్చినది కాదు, ఓడలో ఉన్నందుకు ఇచ్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో చేసిన 108వ ఒడంబడిక, దాని స్థానంలో 2003లో తెచ్చిన 185వ ఒడంబడిక ప్రకారం జారీ అయిన గుర్తింపు పత్రం ఉన్న నావికుడు షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) వీసా లేకుండా ఒడ్డుకు దిగవచ్చు. అయితే ఓడ ఆగిన రేవు ప్రాంతం, దాన్ని ఆనుకున్న పురపాలికలు దాటకూడదు, పేరు క్రూ లిస్టులో (ఓడ సిబ్బంది జాబితా) ఉండి తీరాలి. సైన్ ఆఫ్ అయిన క్షణంలో ఆ లిస్టులోంచి మీ పేరు పోతుంది, దానితో పాటే ఆ వెసులుబాటూ పోతుంది. ఆ తర్వాత మీరు విమానాశ్రయానికి వెళ్లే ప్రయాణికుడే తప్ప, ఊళ్లు చూడడానికి వచ్చినవారు కారు.

ఊళ్లు చూడాలంటే అందరిలాగే షెంగెన్ పర్యాటక వీసా కావాలి. ఆ వీసా మీద ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దరఖాస్తును మామూలు ప్రయాణికులు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. నావికులకు మాత్రం తొమ్మిది నెలల ముందు నుంచే అవకాశం ఇచ్చారు. కాని మీరు నివసించే దేశంలోనే పెట్టాలన్నది సాధారణ నియమం, అంటే ఓడ ఎక్కకముందే ఆ పని ముగించి ఉండాలి. పైగా సైన్ ఆఫ్ తేదీ కంపెనీ చెప్పిన రోజున వస్తుందన్న భరోసా ఎవరికీ లేదు. సరుకు, వాతావరణం, మీ బదులు వచ్చే మనిషి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా తేదీ జరిగిపోతుంది, వీసా మీద అచ్చయిన తేదీలు మాత్రం జరగవు. అమెరికాలోనూ ఇంతే. సీ1/డీ వీసా పని మీద వచ్చే సిబ్బందికి ఇచ్చేది, రెండు ప్రయాణాల నడుమ సెలవు గడపాలంటే బీ2 (పర్యాటక) వీసా వేరుగా ఉండాలి. ఇంటికి వెళ్లి, నిదానంగా వీసా తీసుకుని, సెలవులోనే మళ్లీ బయల్దేరండి.

జవాబు (క్రూ మార్పిడి పని చూసే ఉద్యోగి):

పై జవాబుకు టికెట్ సంగతి కలుపుతాను. నావికుల పని హక్కులపై అంతర్జాతీయ ఒప్పందమైన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006 (ఇది 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది) ప్రకారం కాంట్రాక్టు ముగిసిన నావికుడిని ఇంటికి చేర్చే ఖర్చు ఓడ యజమానిదే. అందుకు కొనే టికెట్ చాలాసార్లు మెరైన్ ఫేర్ టికెట్ అయి ఉంటుంది. సామాను ఎక్కువ తీసుకుపోవచ్చు, తేదీ మార్చడమూ సులువు, కాని అది ఓడ ఎక్కేవారికీ దిగేవారికీ మాత్రమే ఇస్తారు. తేదీ మార్చడం సులువు కదా అని మీ అంతట మీరు ప్రయాణం వాయిదా వేసుకోకండి. యజమాని ఖర్చుతో ఇంటికి చేరే హక్కును ఎంతకాలం లోపల వాడుకోవాలో జాతీయ చట్టాలు గడువు పెట్టవచ్చు కాబట్టి, ఆగే ఉద్దేశం ఉంటే కంపెనీకి ముందే రాసి, రాతపూర్వకంగానే ఒప్పుదల తీసుకోండి.

ఇంకొక లెక్క కూడా చూసుకోండి. అదే కన్వెన్షన్ ప్రకారం పనిచేసిన ప్రతి నెలకు కనీసం రెండున్నర రోజుల వేతన సెలవు వస్తుంది; తొమ్మిది నెలలకు అది ఇరవై రెండున్నర రోజులు. మీ కంపెనీ అంతకంటే ఎక్కువ ఇవ్వకపోతే రెండు వారాల విహారం అందులో సగానికి మించి తినేస్తుంది.

జవాబు (చీఫ్ ఇంజినీర్):

ఇద్దరూ చెప్పినది సబబే గాని, సెలవు కోసం ఎదురుచూస్తూ రేవులో దొరికే గంటలను వదులుకోవడం నాకు నచ్చదు. మీరున్నది బల్క్ క్యారియర్‌లో, అది మీ అదృష్టం. కంటైనర్ షిప్ చాలా చోట్ల ఒక రోజు తిరక్కముందే వెళ్లిపోతుంది, పెద్ద ట్యాంకర్లు ఒడ్డుకు దూరంగా బోయాకు (నీటి మీద తేలే లంగరు గుర్తు) కట్టుకునే సరుకు దించేస్తాయి. ధాన్యం ఎత్తే బల్క్ క్యారియర్ రోజుల తరబడి ఆగుతుంది, వాన పడితే హ్యాచ్‌లు (సరుకు అరల మూతలు) మూసేస్తారు, పని నిలిచిపోతుంది. తడిసే ఓపిక ఉంటే ఊరు చూడడానికి అదే సమయం!

అసలు చిక్కు దూరంతో వస్తుంది. రోటర్‌డామ్ అని చార్టు మీద రాసి ఉన్నా, ఓడ సముద్రం వైపు కొసనున్న మాస్‌వ్లాక్టె టెర్మినళ్లలో ఆగితే నగరం నలభై కిలోమీటర్ల అవతల ఉంటుంది. 2004 జులై 1 నుంచి ఓడలు, రేవుల భద్రతకు పెట్టిన ఐఎస్‌పీఎస్ కోడ్ అమల్లోకి వచ్చాక చాలా టెర్మినళ్లలో నడిచి గేటు దాటనివ్వరు కూడా. అలాంటి చోట నావికుల కేంద్రం వ్యాన్ ఉంటే అదే దిక్కు. 1856లో మొదలైన మిషన్ టు సీఫేరర్స్, 1920లో గ్లాస్గోలో పుట్టిన స్టెల్లా మారిస్ వంటి క్రైస్తవ సంస్థలు ఇప్పటికీ ఎన్నో రేవుల్లో ఈ పని చేస్తున్నాయి. మతం ఏదని అడగరు.

నాలుగు గంటల్లో నాలుగు చోట్లు చూడాలనుకోకండి. ఒక్క వీధినో, ఒక్క మ్యూజియాన్నో ఎంచుకుని తీరిగ్గా తిరగండి. రాత్రి వాచ్ (కాపలా డ్యూటీ) దిగినవారు ముందు నిద్రపోవాలి. ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటల విశ్రాంతి అన్న నియమం లెక్క నింపడానికి పెట్టినది కాదు. గ్యాంగ్‌వే (ఓడ ఎక్కి దిగే మెట్ల దారి) దగ్గర బోర్డు మీద షోర్ లీవ్ ముగిసే సమయం రాసి ఉంటుంది, దానికి కనీసం గంట ముందే తిరిగి చేరండి. సరుకు పని అనుకున్నదానికంటే ముందే ముగిస్తే ఓడను రేవు దాటించే పైలట్ కూడా ముందే వస్తాడు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఇంటికి వెళ్లాకే వీసాకు దరఖాస్తు పెడతాను. ఒక్క సందేహం మిగిలింది: పాస్‌పోర్టు కెప్టెన్ దగ్గరే ఉంటుంది కదా, ఊళ్లోకి వెళ్లేటప్పుడు ఏమేమి వెంట ఉంచుకోవాలి?

జవాబు (సెకండ్ ఆఫీసర్):

షోర్ పాస్, గుర్తింపు పత్రం, పాస్‌పోర్టు నకలు చాలు. వీటితో పాటు ఓడ పేరు, టెర్మినల్ పేరు, బెర్త్ (ఓడ కట్టిన చోటు) నంబరు, రేవులో ఓడ పనులు చూసే ఏజెంటు ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోన్‌లో మాత్రమే ఉంచుకోకండి. టాక్సీ డ్రైవరుకు రేవు పేరు ఒక్కటే చెబితే ఏ గేటుకైనా తీసుకుపోవచ్చు. మీరు బయట ఉండగా ఓడను మరో బెర్త్‌కు మార్చడమూ ఉంటుంది, అందుకే తిరుగు ప్రయాణం మొదలుపెట్టే ముందు ఏజెంటుకు ఒకసారి ఫోన్ చేయండి.