ఎనిడ్ బ్లైటన్ జీవిత చరిత్రలు: ఏవి కొనాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి?

మారేడ్‌పల్లి_పాఠకుడు:

ఇంగ్లీషు పిల్లల కథల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ మీద వచ్చిన జీవిత చరిత్రలు ఒక్కొక్కటిగా పోగేస్తున్నాను. ఆవిడ కథల పుస్తకాల సంగతి కాదు, అవి ఏ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద చూసినా దొరుకుతాయి, ఫేమస్ ఫైవ్ 21 పుస్తకాలూ మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి, ఇప్పుడు మా పాప చదువుతోంది. నాకు కావలసినవి ఆవిడ గురించి రాసినవి.

బార్బరా స్టోనీ రాసిన జీవిత చరిత్ర పాత కాపీ ఒకటి అబిడ్స్‌లోనే దొరికింది. ఏదో లైబ్రరీ వాళ్లు తీసేసిన పుస్తకం, లోపల గుండ్రటి ముద్ర, వెనక అట్టకి తేదీల చీటీ ఇంకా అతికించే ఉంది, మధ్యలో ఫొటోల పేజీలు మాత్రం చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అది చదివాక బీబీసీ వాళ్లు 2009లో తీసిన 'ఎనిడ్' సినిమా చూశాను, హెలెనా బోనమ్ కార్టర్ వేసింది. రెండూ ఒక్క మనిషి గురించేనా అనిపించింది. పుస్తకంలో కనిపించేది లోపాలున్నా అర్థం చేసుకోగలిగిన మనిషి, సినిమాలో సొంత పిల్లల్ని పట్టించుకోని మనిషి. ఇంతకీ ఎవరిని నమ్మాలి? ఇంకా ఏమేం కొనాలి, ఏ వరసలో చదవాలి? హైదరాబాద్‌లో దొరికే దారి కూడా చెబితే మేలు.

పాతపుస్తకాల_వేట:

మీరు మొదలుపెట్టింది సరైన చోటే. స్టోనీ పుస్తకం 1974లో వచ్చింది, బ్లైటన్ చనిపోయిన ఆరేళ్లకి. అప్పటికి ఆవిడని దగ్గరగా చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. పెద్ద కూతురు గిలియన్ అనుమతి ఇచ్చింది. అనుమతితో రాసిన జీవిత చరిత్ర అంటే అంతా భజనే ఉంటుందని మనం ముందే అనుకుంటాం, ఇందులో అలా లేదు, అదే దాని గొప్పతనం. తండ్రి ఇంకొకావిడ కోసం ఇల్లు వదిలి వెళ్లిపోవడం, ఎనిడ్‌కి అప్పుడు పదమూడేళ్లు ఉండటం, తండ్రి ఊరెళ్లారని చుట్టుపక్కల వాళ్లకి చెప్పమని తల్లి పిల్లలకి నేర్పడం, తరవాత ఆ తల్లి అంత్యక్రియలకీ తండ్రి అంత్యక్రియలకీ ఎనిడ్ వెళ్లకపోవడం, ఇవన్నీ దాచకుండా రాసింది. చేదు విషయాన్ని మనసులోంచి తుడిచేసుకోవడం ఆవిడ ఎక్కడ నేర్చుకుందో ఈ అధ్యాయాలు చదివితే తెలుస్తుంది.

పుస్తకం చివర అనుబంధాలు వదిలేయకండి, చాలామంది వదిలేస్తారు. పీటర్ మెకెల్లర్ అనే సైకాలజిస్టుకి ఆవిడ రాసిన ఉత్తరాలు అక్కడున్నాయి. కళ్లు మూసుకుని, ఒళ్లో టైప్‌రైటర్ పెట్టుకుని, మనసు ఖాళీ చేసుకుంటే పాత్రలు సినిమా తెర మీద కదిలినట్టు కదులుతాయని, తాను చూసింది టైపు చేయడమే తన పని అని చెబుతుంది. ఇన్ని వందల పుస్తకాలు ఒక్క మనిషి రాయడం అసాధ్యం, వెనక ఎవరో రాసిపెడుతున్నారు అని 1950ల్లో పుకారు లేచి కోర్టు దాకా వెళ్లింది. ఆ వేగం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కావాలంటే ఈ ఉత్తరాలే చదవాలి.

ఇక కొనాల్సిన రెండోది ఆవిడే పిల్లల కోసం రాసుకున్న 'ద స్టోరీ ఆఫ్ మై లైఫ్', 1952. అందులో ఉన్నదానికన్నా లేనిది చూడండి. 1924లో పెళ్లి చేసుకున్న మొదటి భర్త హ్యూ పోలక్ ఊసే ఉండదు. ఇద్దరు కూతుళ్లూ ఆయనకి పుట్టినవాళ్లే, 1931లో గిలియన్, 1935లో ఇమోజెన్. 1942లో విడాకులు, మరుసటేడు సర్జన్ కెన్నెత్ డారెల్ వాటర్స్‌తో పెళ్లి. పుస్తకం చదివే పిల్లలకి తెలిసేది ఆ రెండో ఇల్లే. స్టోనీని పక్కన పెట్టుకుని దీన్ని చదవండి, ఏ పేజీలో ఏం మాయమైందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోతే చాలు, సగం పని అయిపోతుంది.

కూకట్‌పల్లి_సుధ:

పై వ్యాఖ్య బాగుంది కానీ ఇమోజెన్ స్మాల్‌వుడ్ పుస్తకం గురించి ఒక్క ముక్క లేదేమిటండి! చిన్న కూతురు రాసిన 'ఎ చైల్డ్‌హుడ్ ఎట్ గ్రీన్ హెడ్జెస్', 1989. గ్రీన్ హెడ్జెస్ వాళ్ల ఇంటి పేరు. నాకైతే వీటన్నిటిలో గట్టి పుస్తకం అదే. అమ్మ అహంభావి అని, లోపల అభద్రత ఉండేదని, తల్లితనం అనేది ఆవిడలో మచ్చుకైనా లేదని, పెద్దయ్యాక ఆవిడని చూస్తే జాలి వేసిందని రాసింది. గిలియన్‌ని అడిగితే మాత్రం మా అమ్మ న్యాయంగా, ప్రేమగా ఉండేది, మంచి స్నేహితురాలు అని చెప్పేది. ఇక్కడే అందరూ పొరబడతారు, ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని తేల్చేస్తారు.

నేను అలా అనుకోను. వయసులు లెక్కేయండి. ఇద్దరికీ నాలుగేళ్లు పైనే తేడా. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి గిలియన్‌కి ఎనిమిదేళ్లు, తండ్రి ఎలా ఉండేవాడో, అమ్మానాన్న కలిసి ఉన్న ఇల్లు ఎలా ఉండేదో తెలుసు. ఇమోజెన్‌కి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్ల కళ్లు తెరిచి చూసేసరికి తండ్రి దూరం, తల్లి పొద్దస్తమానం టైప్‌రైటర్ ముందు, పెంచేది ఆయాలు. పెద్దదానికి దొరికిన అమ్మ వేరు, చిన్నదానికి మిగిలిన అమ్మ వేరు. మన ఇళ్లలో మాత్రం, ఉద్యోగం లేని రోజుల్లో పుట్టిన పెద్దపిల్లనీ, ప్రమోషన్ వచ్చాక పుట్టిన చిన్నదాన్నీ మా నాన్న ఎలాంటివారు అని అడిగితే ఒకే జవాబు వస్తుందా?

అందుకే ఇమోజెన్ పుస్తకాన్ని తీర్పుగా తీసుకోకండి, ఆ ఇంట్లో ఒక గది నుంచి చూసిన సాక్ష్యంగా చదవండి. ఆ గదిలో జరిగింది మాత్రం ఆవిడకన్నా బాగా ఇంకెవరికీ తెలియదు.

నల్లకుంట_రవి:

సుధ గారి మాట నిజం. దానికి ఒకటి చేర్చాలి. హ్యూ తరవాత పెళ్లి చేసుకున్న ఐడా పోలక్, ఆవిడా రచయిత్రే, బాగా పెద్ద వయసులో 'స్టార్‌లైట్' అని ఆత్మకథ రాసింది. విడాకులప్పుడు తప్పు హ్యూ తన మీద వేసుకుంటే కూతుళ్లని చూడనిస్తానని ఎనిడ్ మాట ఇచ్చిందని, తరవాత చూడనివ్వలేదని హ్యూ వైపు కథ. ఇది చదివితే కడుపు తరుక్కుపోతుంది. కానీ చెబుతున్నది రెండో భార్య, అదీ అన్ని దశాబ్దాల తరవాత. హ్యూ తాగుడు గురించి స్టోనీ ఏం రాసిందో కూడా ఎదురుగా పెట్టుకోండి.

సినిమాని ఆధారంగా తీసుకోవద్దు. గంటన్నరలో ఒక జీవితం చెప్పాలంటే నాటకీయమైనవే ఏరుకుంటారు, నలభై ఏళ్ల పని కనిపించదు.

పాతపుస్తకాల_వేట:

ఇమోజెన్ సంగతి సుధ గారు చెప్పేశారు, సంతోషం. దొరికే దారి చెబుతాను. స్టోనీ పుస్తకానికి తరవాత సవరించిన ముద్రణలు వచ్చాయి కాబట్టి కొనేముందు టైటిల్ పేజీ వెనక ముద్రణ సంవత్సరం చూడండి, అట్ట చూసి కొనకండి. అబిడ్స్‌లో, కోఠీలో అడిగేటప్పుడు "ఎనిడ్ బ్లైటన్" అంటే పిల్లల పుస్తకాల కుప్ప చూపిస్తారు, జీవిత చరిత్రలు ఉండేది పెద్దల ఇంగ్లీషు పుస్తకాల్లో, అక్కడ మీరే వెతుక్కోవాలి. డిసెంబరు బుక్ ఫెయిర్‌లో పాత పుస్తకాల స్టాళ్లు వదలొద్దు. ఆండ్రూ మాండర్ 'ఎ లిటరరీ లైఫ్' 2021లో వచ్చింది, యూనివర్సిటీ తరహా పుస్తకం, ధర ఎక్కువ. రచయిత్రిగా ఆవిడ పని మీద ఆసక్తి ఉంటే ఎవరినైనా యూనివర్సిటీ లైబ్రరీ నుంచి తెప్పించమనండి. బీబీసీ ఆవిడ రచనలని ఏళ్ల తరబడి వద్దని తిప్పికొట్టిన సంగతి, కథల్లో జాతి వివక్ష ఉందన్న విమర్శ, ఇవి పట్టించుకోని జీవిత చరిత్ర ఏదైనా సరే నేను కొనను.

అంటుకుపోయిన ఫొటో పేజీలని లాగొద్దు. నున్నటి ఆర్ట్ పేపరు తడిసి ఆరితే పై పూత కలిసిపోతుంది, లాగితే బొమ్మే ఊడి వస్తుంది. అలాగే ఉంచి ఇంకో కాపీలో ఫొటోలు చూసుకోవడం మంచిది.

ఇంకో మాట, చర్చకి కొంచెం పక్కదే అయినా చెప్పకుండా ఉండలేను. చందమామలో 'తోకచుక్క' దగ్గరనుంచి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ల కింద పడేది కాదు. మనందరినీ చదివించిన మనిషి. ఎనిడ్ బ్లైటన్ మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు ఆయనని ఎరిగినవాళ్లు చెప్పిన సంగతులు కూడా పోగేస్తే బాగుంటుంది.

మారేడ్‌పల్లి_పాఠకుడు:

అందరికీ చాలా థ్యాంక్స్. సుధ గారూ, వయసుల లెక్క చూశాక స్టోనీ పుస్తకంలో విడాకుల అధ్యాయం మళ్లీ తీశాను, ఈసారి పూర్తిగా వేరేలా కనిపించింది. 'ద స్టోరీ ఆఫ్ మై లైఫ్'కి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడుతున్నాను. ఇమోజెన్ పుస్తకం మాత్రం ఎక్కడా అందుబాటు ధరలో కనిపించడం లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చదవడానికి ఇచ్చినా చాలు, అట్ట వేసి జాగ్రత్తగా తిరిగి ఇస్తాను.

కూకట్‌పల్లి_సుధ:

నా దగ్గర ఉంది. శనివారం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వస్తాను, అక్కడ కలవండి. మార్జిన్లలో నేను పెన్సిల్‌తో రాసుకున్నవి ఉంటాయి, వాటిని చెరపకండి, మీకు ఒప్పుదల కానిచోట పక్కనే మీదీ రాయండి.